మౌనం అంటే సున్నా కాదు

ఎఫ్‌ఎస్‌కే అంటే ఈసీఈ వాళ్లందరికీ తెలిసిందే. కమ్యూనికేషన్స్ ల్యాబ్‌లో ట్రైనర్ కిట్ ముందు కూర్చుంటాం, ప్యాచ్ కార్డులు గుచ్చుతాం. సీఆర్‌వో తెర మీద అలలు కొంచెంసేపు దట్టంగా, కొంచెంసేపు పలచగా కనిపిస్తాయి. గ్రాఫ్ షీటు మీద దించుకుంటాం, రికార్డులో సంతకం పడుతుంది. వైవాలో "ఒకటికి ఒక ఫ్రీక్వెన్సీ, సున్నాకి ఇంకో ఫ్రీక్వెన్సీ సర్" అనగలిగితే గండం గట్టెక్కినట్టే. ఆ తర్వాత దాని మొహం చూసేవాడుండడు.

అరకు వెళ్లొచ్చిన ప్రతివాడికీ ఇంకో సంగతి కూడా తెలుసు. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. మనకి అది రెండు రోజుల ముచ్చట. రీల్ అప్‌లోడ్ అవ్వలేదని నవ్వుకుంటాం, దిగి వచ్చాక పెట్టుకుంటాం. రోడ్డు దిగి లోపలికి నడిచి వెళ్లాల్సిన గూడేల్లో ఉండేవాళ్లకి అది రోజూ ఉండే సంగతి. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చేవాళ్లు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలంటే ముందు సిగ్నల్ అందే గట్టు దాకా ఒకడు పరిగెత్తాలి.

ఈ రెండు సంగతుల్నీ కలిపి చూడాలన్నది నా వాదన. మనం పరీక్ష కోసం చదివి వదిలేసిన ఎఫ్‌ఎస్‌కేతో, హామ్ రేడియో మీద, తూర్పు కనుమల్లోంచి ఒక్క లైను తెలుగు పంపగలిగే ఏర్పాటు మన కాలేజీ చేతిలో ఉండాలి. మన తెలుగు క్లబ్‌కి కూడా ఇందులో పని ఉంది. అది ఏ పనో చివరికి చెబుతాను.

మోరి, తుడుము

హామ్ రేడియోలో ఆర్‌టీటీవై అనే పద్ధతి ఉంది. రేడియో టెలిటైప్ అన్నమాట. ఇక్కడ కీబోర్డు మీద కొట్టింది గాలిలో వెళ్లి అక్కడ అక్షరాలుగా పడుతుంది. ఒకప్పుడు టన్ను బరువున్నట్టుండే టెలిప్రింటర్ యంత్రాలు చేసిన పని ఇప్పుడు ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు చేసేస్తుంది. లోపల జరిగేది మాత్రం అదే ఎఫ్‌ఎస్‌కే.

ఒకటీ సున్నాలు పంపడానికి అందరికీ ముందు తట్టే ఉపాయం ట్రాన్స్‌మిటర్‌ని ఆన్ ఆఫ్ చెయ్యడం. ఆన్ అంటే ఒకటి, ఆఫ్ అంటే సున్నా. సులువే, కానీ ఇందులో ఒక పెద్ద చిక్కుంది. అవతలివాడికి ఏమీ వినపడలేదనుకోండి, దాన్ని ఏమని చదువుకోవాలి? నువ్వు సున్నా పంపావనా, లేక నీ సిగ్నల్ దారిలో చచ్చిపోయిందనా? నిశ్శబ్దానికి రెండు అర్థాలొచ్చాయి. ఏ అర్థమో తేల్చుకోవడానికి అతని దగ్గర ఆధారం లేదు.

ఎఫ్‌ఎస్‌కే ఈ చిక్కు విప్పింది. ఇందులో ఒకటికీ ఒక స్వరం ఉంది, సున్నాకీ ఒక స్వరం ఉంది. ఒకటిని మార్క్ అంటారు, సున్నాని స్పేస్ అంటారు. పాత టెలిగ్రాఫ్ రోజుల్లో కాగితం మీద గీత పడితే మార్క్, ఖాళీ ఉంటే స్పేస్. ఆ పేర్లే నిలిచిపోయాయి. హామ్‌లు వాడే ఆర్‌టీటీవైలో మార్క్‌కి 2125 హెర్ట్జ్, స్పేస్‌కి 2295 హెర్ట్జ్. రెండింటికీ మధ్య తేడా 170. చెవికి కొంచెం హెచ్చు, కొంచెం తగ్గు స్వరాలు మార్చి మార్చి కీచుకీచుమన్నట్టు వినిపిస్తుంది. సున్నా కూడా ఒక ధ్వనే కాబట్టి ఇక్కడ నిశ్శబ్దానికి ఒకే అర్థం మిగులుతుంది: లింకు తెగింది.

థింసా ఆటకి వాయించే మోరి, తుడుము తలుచుకోండి. పక్క కొండ మీద నుంచి వింటుంటే గాలి ఇటు తిరిగినప్పుడు గట్టిగా వినిపిస్తాయి, అటు తిరిగినప్పుడు సన్నబడతాయి. ఎంత సన్నబడినా మోరి మోరిలాగే, తుడుము తుడుములాగే ఉంటుంది. దూరం గట్టితనాన్ని తినేస్తుంది, స్వరాన్ని అంత తేలిగ్గా మార్చలేదు. రేడియో తరంగానికీ ఇదే సూత్రం. బలం ఎంతున్నా పర్వాలేదు, రెండు స్వరాల్లో ఏది మోగుతోందన్నదే ప్రశ్న. అందుకే రిసీవర్‌లో ముందు లిమిటర్ పెట్టి హెచ్చుతగ్గుల్ని నరికేస్తారు. ఆ తర్వాత రెండు ఫిల్టర్లు ఉంటాయి, 2125కి ఒకటి, 2295కి ఒకటి. ఎందులో శక్తి ఎక్కువ కనపడితే ఆ బిట్ రాసుకోవడమే. తరంగం రెండు దారుల్లో వచ్చి కలిసినప్పుడు ఒక్కోసారి ఒక స్వరం మాత్రమే మాయమైపోతుంది, రెండోది బతికే ఉంటుంది. మంచి డీకోడర్ అయితే ఆ మిగిలిన ఒక్క స్వరం వచ్చేపోయే తీరు చూసి కూడా సందేశాన్ని లాగేస్తుంది.

మినీ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నవాళ్లకి ఒక లెక్క. ఒక్కో బిట్ 22 మిల్లీసెకన్లు ఉంటుంది, అంటే 45.45 బాడ్. సెకనుకి 8000 శాంపిల్స్ తీస్తే బిట్‌కి 176 శాంపిల్స్ వస్తాయి. వాటి మీద గోయెర్ట్‌జెల్ అల్గారిథమ్ రెండు ఫ్రీక్వెన్సీలకీ నడిపి, ఏది పెద్దదో చూస్తే రిసీవర్‌లో గుండెకాయ లాంటి భాగం తయారైనట్టే. డీఎస్‌పీ రెండో యూనిట్ చదివినవాడు ఒక సాయంత్రంలో రాయగలడు.

ఆకాశానికి కొట్టి కిందికి దింపడం

కొండల్లో సెల్ ఫోన్ ఎందుకు మొరాయిస్తుంది? అది వాడే వందల, వేల మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే వెళ్తాయి. మధ్యలో గట్టు అడ్డొస్తే అవతల నీడే. టవర్ మీద టవర్ పెట్టుకుంటూ పోవాలి, ప్రతి టవర్‌కీ కరెంటు, డీజిల్, వెనక్కి ఫైబరో మైక్రోవేవ్ లింకో కావాలి. గొలుసులో ఒక్క కొక్కెం ఊడితే ఆ కింది ఊళ్లన్నీ ఒకేసారి మూగబోతాయి.

హామ్‌ల దగ్గర వేరే దారి ఉంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 40 మీటర్లు. అందులో సగం, అంటే 20 మీటర్ల తీగని మధ్యలో కోసి ఫీడర్ కలిపితే డైపోల్ యాంటెన్నా. దాన్ని పెద్ద ఎత్తున కట్టకుండా పాతిక ముప్ఫై అడుగుల్లోనే కడితే శక్తిలో ఎక్కువ భాగం నిటారుగా పైకి పోతుంది. రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియర్ దాన్ని కిందికి తిప్పి పంపుతుంది. పైనుంచి వాన పడ్డట్టు పడే సిగ్నల్‌కి గట్టు అడ్డం రాదు. పగలు 7 మెగాహెర్ట్జ్, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ వాడుతూ చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఈ పద్ధతిలో అందుకోవచ్చు. అరకు నుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు. తీగ కట్టుకోవడానికి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు ఎటూ ఉన్నాయి. రేడియో సెట్టుకి 12 వోల్టుల బ్యాటరీ, దానికో సోలార్ పలక. మధ్యలో టవర్ లేదు, ఫైబర్ లేదు, ఎవరి సర్వరూ లేదు.

ఈ దారిలో వచ్చే సిగ్నల్ నిలకడగా ఉండదు. ఊగుతుంది, మునుగుతుంది, తేలుతుంది. ఊగే సిగ్నల్‌లో మాట సగం సగం వినిపిస్తుంది. స్వరాల జంట మాత్రం నెగ్గుకొస్తుంది. పైగా మాటకి సుమారు రెండున్నర కిలోహెర్ట్జ్ చోటు కావాలి, ఆర్‌టీటీవైకి 250 హెర్ట్జ్ చాలు. ఒక్క గొంతు పట్టే చోట పది టైపు సందేశాలు ఒకేసారి నడుస్తాయి. ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. ఆర్‌టీటీవైలో ట్రాన్స్‌మిటర్ క్షణం కూడా ఊపిరి తీసుకోదు, మార్కో స్పేసో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. సెట్టు వేడెక్కిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పవర్ సగానికి దించి పంపుతారు.

108 కాస్తా క్యూ పీ ఐ అయితే

ఇప్పుడు అక్షరాల సంగతి. ఆర్‌టీటీవై వాడే కోడ్‌కి మూలం ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమీల్ బోదో 1870ల్లో చేసిన ఐదు బిట్ల కోడ్. బాడ్ అనే మాట ఆయన పేరు నుంచే వచ్చింది. తర్వాత డోనాల్డ్ ముర్రే దాన్ని మార్చాడు, అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఐదు బిట్లంటే 32 గదులు. ఇంగ్లీషు పెద్దక్షరాలు 26 పోగా మిగిలిన ఆరింట్లో అంకెలు, కామాలు, ఖాళీ ఎక్కడ పెట్టాలి? ఒకే గదికి రెండు కాపురాలు పెట్టారు. "ఇక నుంచి అంకెలు" అని ఒక గుర్తు పంపితే తర్వాతవన్నీ అంకెలుగా చదవాలి. "ఇక నుంచి అక్షరాలు" అని ఇంకో గుర్తు పంపితే మళ్లీ అక్షరాలు.

ఒక్కో అక్షరానికి ముందు ఒక స్పేస్ బిట్ వస్తుంది. "ఇదిగో వస్తున్నా" అని తలుపు కొట్టడం లాంటిది. తర్వాత ఐదు బిట్లు, చివర ఒకటిన్నర బిట్ల పొడవున మార్క్. మొత్తం ఏడున్నర బిట్లు, 165 మిల్లీసెకన్లు. సెకనుకి ఆరు అక్షరాలు. ప్రతి అక్షరం తన తలుపు తానే కొట్టుకుని వస్తుంది కాబట్టి ఒకటి పాడైనా తర్వాతిది మళ్లీ కుదురుకుంటుంది.

కానీ "అంకెలు" గుర్తు దారిలో పోయిందనుకోండి. కీబోర్డు పై వరసలో క్యూ కింద 1, పీ కింద 0, ఐ కింద 8 కాపురముంటాయి. పంపినవాడు 108 అని కొడితే అందుకున్నవాడికి "క్యూ పీ ఐ" అని పడుతుంది. 2005 నుంచి మన రాష్ట్రంలో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన అంకె ఒక్క బిట్ తేడాతో అర్థంలేని మూడక్షరాలైపోయింది. చెయ్యి తిరిగిన ఆపరేటర్ కీబోర్డు చూసి తిరిగి లెక్క కట్టుకుంటాడు. కొత్తవాడు బిత్తరపోతాడు. అందుకే అంకెల్ని రెండుసార్లు పంపడం వీళ్లలో అలవాటు.

అసలు ఇబ్బంది ఇంకోటుంది. ఈ 32 గదుల్లో తెలుగుకి చోటు లేదు. వెనకటి టెలిగ్రాముల్లోలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకోవాలి, అదీ అన్నీ పెద్దక్షరాలే. ఎం ఏ టీ ఏ అని వస్తే మాటా, మాతా? కే ఓ టీ ఏ అంటే కోటా, కోతా? పీ ఏ టీ ఏ అంటే పాటా, పాతా? విశాఖలో కూర్చుని వాట్సాప్‌లో తింగ్లీషు చదివేవాడికి సందర్భం అందుతుంది. వరద రాత్రి, సగం అక్షరాలు చెరిగిపోయిన కాగితం మీద ఊరి పేరే సరిగా తెలియకపోతే సాయం ఏ గట్టు ఎక్కాలి? ఏజెన్సీలో గుడలు, పుట్టులు, వలసలతో ముగిసే పేర్లు ఎన్నో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. దీర్ఘం, ఒత్తు పోతే ఒక ఊరు ఇంకో ఊరైపోతుంది. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. అప్పటిదాకా సర్దుకున్నాం కాబట్టి ఇప్పుడూ సర్దుకుందాం అనడం ఇంజనీరు మాట కాదు.

ఏడు బిట్లలో తెలుగు

యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన స్థలం సరిగ్గా 128 గదులు. 128 అంటే రెండుని ఏడుసార్లు గుణిస్తే వచ్చేది. అంటే తెలుగు మొత్తం, దీర్ఘాలు, పొల్లు, సున్నా, తెలుగు అంకెలతో సహా ఏడు బిట్లలో ఒదుగుతుంది. అక్షరాలుండే గదులు సుమారు వంద, మిగతావి ఖాళీ. ఆ ఖాళీల్లో ఒకటి పదాల మధ్య జాగాకి, ఒకటి ఫుల్‌స్టాప్‌కి, ఒకటి కొత్త లైనుకి వాడుకోవచ్చు. "అంకెలు", "అక్షరాలు" అనే గుర్తులే అక్కర్లేదు. 108 ఎప్పుడూ 108గానే వస్తుంది.

ఒక లైను తీసుకుందాం. "గెడ్డ పొంగింది. దారి లేదు." ఇందులో గుణింతాలు, పొల్లు విడదీసి, జాగాలు కూడా కలిపి లెక్కేస్తే 26 సంకేతాలు. ఒక్కోదానికి తలుపు కొట్టే బిట్, ఏడు బిట్లు, ఒకటిన్నర బిట్ల ముగింపు కలిపి తొమ్మిదిన్నర బిట్లు, 209 మిల్లీసెకన్లు. మొత్తం ఐదున్నర సెకన్లలోపే అయిపోతుంది. ఇదే లైనుని మనం ఫోన్లలో వాడే యూటీఎఫ్-8లో పంపితే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. మొత్తం 68 బైట్లు, ఇదే వేగంలో దాదాపు 16 సెకన్లు. సిగ్నల్ మునుగుతూ తేలుతూ ఉన్నప్పుడు ఐదు సెకన్ల కిటికీ దొరకడం తేలిక, పదహారు సెకన్ల కిటికీ కష్టం. మిగిలిన సమయంలో అదే లైను ఇంకోసారి పంపి సరిచూసుకోవచ్చు కూడా.

ఇంకో లాభం ఉంది. ఆ కొండల్లో తెలుగొక్కటే మాట్లాడరు. ఆదివాసీ ఒరియా, కువి, కొండ లాంటి భాషలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లలకి మాతృభాషలో చదువు కోసం వీటిలో కొన్నింటికి వాచకాలు తెలుగు లిపిలోనే వేశారు. తెలుగు అక్షరాలు మోయగలిగిన కోడ్ ఆ భాషల మాటల్నీ మోయగలదు. ఐదు బిట్ల ఇంగ్లీషు కోడ్ ఏ ఒక్కదాన్నీ మోయలేదు.

అయినా ఇప్పుడెందుకు?

ఈ వ్యాసం డ్రాఫ్ట్ చదివిన మిత్రులు కొన్ని ప్రశ్నలేశారు. అన్నీ న్యాయమైనవే.

"టవర్లు వస్తున్నాయి కదా?" వస్తున్నాయి, రావాలి కూడా. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకి 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో ఆమోదించింది. దానికి హామ్ రేడియో పోటీ కాదు. కానీ 2014 అక్టోబర్ 12 గుర్తు తెచ్చుకోండి. హుద్‌హుద్ తీరం దాటింది ఏ మారుమూలో కాదు, విశాఖ దగ్గరే. అన్ని టవర్లున్న నగరంలోనే ఫోన్లు మూగబోయాయి. అరకు వైపు కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. టవర్ రోజూ కావాలి. టవర్ కూలిన రోజుకి ఇంకేదో కావాలి.

"హామ్‌లు నిజంగా ఏమైనా చేశారా?" 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వాళ్లు వెళ్లింది అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడే సరదా కార్యక్రమం కోసం. మామూలు ఫోన్లు పోయిన ఆ రోజుల్లో వాళ్ల సెట్లే ద్వీపాల నుంచి బయటికి క్షేమ సమాచారాలు మోశాయి. సరదాకి కట్టిన యాంటెన్నా అవసరానికి పనికొచ్చింది. సరదా లేకపోతే ఆ రోజు యాంటెన్నా కూడా ఉండేది కాదు.

"ఆర్‌టీటీవై పాతబడిపోలేదా?" పాతదే. ఎఫ్‌టీ8 లాంటి కొత్త పద్ధతులు దీనికంటే ఎంతో బలహీనమైన సిగ్నల్‌నీ పట్టేస్తాయి. అయితే ఎఫ్‌టీ8 కూడా లోపల ఎఫ్‌ఎస్‌కేనే, రెండు స్వరాల బదులు ఎనిమిది. 15 సెకన్లకి ఒక ముక్క, స్వేచ్ఛగా రాసుకునే వాక్యమైతే 13 అక్షరాలే. కబురు పంపడానికి అది చాలదు. ఆర్‌టీటీవైలో తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదన్నది నిజమైన లోపం. దానికి మందు మన సముద్ర తీరంలోనే ఉంది. ఓడలకి తుపాను హెచ్చరికలు పంపే నావ్‌టెక్స్ కేంద్రాల్లో ఒకటి కాకినాడ దగ్గర వాకలపూడిలో ఉంది. నావ్‌టెక్స్ కూడా రెండు స్వరాల ఎఫ్‌ఎస్‌కే, అదే 170 హెర్ట్జ్ తేడా, వేగం 100 బాడ్. ప్రతి అక్షరాన్నీ కొంత ఎడంతో రెండుసార్లు పంపుతుంది. ఒకటి చెడితే రెండోది చూసుకుంటుంది. సముద్రం మీద ఉన్నవాడికి ఈ ఏర్పాటు అవసరమని ప్రపంచమంతా ఒప్పుకుంది. కొండ మీద ఉన్నవాడికి ఎందుకు అక్కర్లేదు?

"ఏజెన్సీలో వైర్‌లెస్ సెట్టు పెడితే పోలీసులు ఊరుకుంటారా?" ఊరుకోకూడదు కూడా. ఆ కొండల చరిత్ర అందరికీ తెలుసు. అందుకే దొంగచాటు పనికి ఇక్కడ తావులేదు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి లైసెన్స్ ఇస్తుంది, 12 ఏళ్లు నిండితే చాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కి మోర్స్ కూడా నేర్చుకోవాలి. కాల్‌సైన్ లేకుండా గాలిలోకి ఒక్క బిట్ పంపకూడదు. రహస్య సంకేతాలు నిషిద్ధం. మన తెలుగు పట్టికని అందరికీ కనపడేలా ప్రచురిస్తే ఎవరైనా చదువుకోవచ్చు, అది రహస్యం కాదు. పాడేరు ఐటీడీఏకీ, పోలీసులకీ ముందుగా రాసిచ్చి, వాళ్ల ఎదుటే పరీక్షించి చూపించాలి. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మొయ్యడానికి హామ్‌కి హద్దులున్నాయి. విపత్తులో ఆ తలుపు తెరుచుకుంటుంది. దానికి ముందే సాధన ఉండాలి.

ఐదో ప్రశ్న ఎవరూ అడగలేదు కానీ నేనే అడుగుతాను. "కొండ మీదివాళ్లు అడిగారా?" మనం సెట్టు పట్టుకెళ్లి, ఫొటో దిగి, దిగి వచ్చేస్తే అది ఇంకో టెక్ ఫెస్ట్ అవుతుంది. పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు నుంచి వచ్చి మన హాస్టళ్లలో ఉండి చదువుతున్నవాళ్లున్నారు. ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఏ గట్టు మీద ఎవరికి అందుతుందో వాళ్లకి తెలుసు. ఆపరేటర్ కుర్చీలో మొదట కూర్చోవాల్సింది వాళ్లు. ఆ తర్వాత అక్కడి ఆశ్రమ పాఠశాలల టీచర్లు, పెద్ద తరగతుల పిల్లలు. మనం కింద కూర్చుని అందుకునే పని చేద్దాం.

రోజూ ఒక మార్క్

ఇంత చెప్పాక నా అసలు అభిప్రాయం. ఎఫ్‌ఎస్‌కేలో నాకు నచ్చింది దాని గణితం ఒక్కటే కాదు, అది నిశ్శబ్దాన్ని చూసే తీరు. ఇంతకు ముందు చెప్పుకున్నట్టు, ఆన్ ఆఫ్ పద్ధతిలో ఏమీ వినపడకపోతే సున్నా అని రాసేసుకుంటాం. కొండల విషయంలో మైదానంలో ఉన్న మనం సరిగ్గా అదే చేస్తున్నాం. ఫిర్యాదు రాలేదు కాబట్టి ఇబ్బంది లేదు. ఫోన్ రాలేదు కాబట్టి అందరూ క్షేమం. తుపాను తర్వాత కెమెరాలున్న చోటి నష్టం ఆ రోజే లెక్కకొస్తుంది, కబురు రాని ఊరి నష్టం ఎప్పటికో వస్తుంది. ఆ ఊరు సున్నా పంపలేదు. దానికి పంపే దారే లేదు.

పాత టెలిప్రింటర్ లైను మీద ఎవరూ ఏమీ కొట్టనప్పుడు కూడా మార్క్ స్వరం మోగుతూనే ఉండేది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ కూడా టైప్ చేసేవాడు ఆలోచిస్తూ ఆగితే ఊరికే ఉండదు, ఖాళీ గుర్తు ఒకటి పంపుతూ ఉంటుంది. "చెప్పడానికి ఏమీ లేదు, కానీ ఉన్నాను" అని దాని అర్థం. కొండకీ మనకీ మధ్య కావాల్సింది ఇలాంటి లైను. వారానికి రెండు రోజులు, ఒక నియమిత సమయంలో, చెప్పడానికి ఏమీ లేకపోయినా "క్షేమం" అని ఒక లైను రావాలి. అప్పుడే రాని రోజున మనకి గుబులు పుడుతుంది. గుబులు పుడితేనే ఎవరో ఒకరు లేచి బయల్దేరతారు.

చెయ్యాల్సిన పనులు పెద్దవేం కావు. ఈ సెమిస్టర్‌లో పదిమంది లైసెన్స్ పరీక్షకి కట్టాలి. కాలేజీ పేరుతో క్లబ్ స్టేషన్ లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టాలి. ఈసీఈ వాళ్లు యాంటెన్నా, సీఎస్ఈ వాళ్లు డీకోడర్ చూసుకోవాలి. ఆర్‌టీటీవైకి ఎఫ్‌ఎల్‌డిజి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఏడు బిట్ల పద్ధతీ ఉంది. అయితే మన అక్షరాల్లో "అ" నుంచి "ట" దాకా ఆస్కీలో కంట్రోల్ కోడ్‌లుండే గదుల్లో పడతాయి. వాటిని మామూలు సాఫ్ట్‌వేర్ అక్షరాలుగా చూపించదు, మింగేస్తుంది. అందుకే సొంత ప్రోగ్రాం రాసుకోవడం మేలు.

తెలుగు క్లబ్ పని ఆ 128 గదుల పట్టిక. ఏ ఖాళీ గది దేనికివ్వాలి? ఫుల్‌స్టాప్ ముఖ్యమా, ప్రశ్నార్థకం ముఖ్యమా? అక్షరం చెరిగిపోయినచోట ఏ గుర్తు చూపించాలి? కువి, ఆదివాసీ ఒరియా రాసేటప్పుడు ఇంకేమైనా గుర్తులు కావాలా? ఇవి భాష తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాల్సినవి. ఆ పట్టిక తేలాక ఈ పత్రికలోనే అచ్చేద్దాం, ఎవరైనా వాడుకునేలా.

ఆర్‌టీటీవై వాళ్లు లైను పరీక్షించడానికి ఆర్, వై అనే రెండక్షరాలు పదేపదే పంపుతారు. ఆర్ అంటే 01010, వై అంటే 10101. మార్కు, స్పేసు మారుతూనే ఉంటాయి కాబట్టి రెండు స్వరాలూ సరిగ్గా అందుతున్నాయో లేదో తేలిపోతుంది. మన ఏడు బిట్ల తెలుగులో అలాంటి అక్షరం ఉందా అని వెతికాను. సున్నా నుంచి లెక్కపెడితే 42వ గది, 0101010. అందులో ఉన్నది "ప".

కొండ మీద నుంచి వచ్చే మొదటి వాక్యం ఏమిటో కొండ మీదివాళ్లే రాస్తారు. ముందు మనం హాస్టల్ మేడ మీద నుంచి ల్యాబ్ దాకా "పపపప" సరిగ్గా అందుతుందో లేదో చూద్దాం.